స్వచ్ఛత వేరు, క్షేమం వేరు
(బెంగళూరు గంధతైలం చెప్పే చరిత్ర)

బెంగళూరు పేరు వినగానే నేటి తరానికి కంప్యూటర్ సంస్థలు, విమాన కర్మాగారాలు స్ఫురిస్తాయి. అయితే ఈ నగరానికి పారిశ్రామిక కేంద్రమన్న పేరు రావడానికి తొలి రోజుల్లో తోడ్పడిన వస్తువుల్లో గంధపు చెక్క నుండి తీసిన నూనె ఒకటి. శతాబ్దం పైబడిన ఆ నూనె కథలో రసాయన శాస్త్రం ఉంది, రాజ్యపాలన ఉంది, వ్యాపారం ఉంది. వీటి చాటున అంతగా ఎవరూ పట్టించుకోని మరొక చరిత్ర కూడా ఉంది. అది మనిషి చర్మానికి సంబంధించిన చరిత్ర. ఒంటికి రాసుకునే నూనె మేలురకానిదని ఎలా తెలుసుకున్నారు? ఆ నూనె ఒంటికి హాని చేయదని ఎవరు, ఎవరి ఒంటిమీద పరీక్షించి చెప్పారు? ఈ రెండు ప్రశ్నలూ ఒక్కటే అనిపిస్తాయి. నిజానికి మొదటిది స్వచ్ఛతను గురించినది, రెండవది క్షేమాన్ని గురించినది. ఆ రెంటి మధ్య ఉన్న దూరాన్ని లోకం ఎలా గుర్తించిందో, ఆ జ్ఞానానికి ఎవరు మూల్యం చెల్లించారో తెలుసుకోవడం పిల్లలను పెంచే ప్రతి ఇంటికీ అవసరం.

యుద్ధం తెచ్చిన పరిశ్రమ

మైసూరు సంస్థానంలో గంధపు చెట్టుకు ప్రత్యేక స్థానం ఉండేది. 1792లో టిప్పు సుల్తాన్ దానిని రాజవృక్షంగా ప్రకటించిన నాటి నుండి అది ఎవరి పొలంలో మొలిచినా ప్రభుత్వ సొత్తుగానే పరిగణింపబడింది. వేళ్లతో సహా పెకలించిన చెక్కను ప్రభుత్వం వేలం వేసేది. అందులో చాలా భాగం ఓడలెక్కి ఐరోపాకు, ముఖ్యంగా జర్మనీకి చేరేది. అక్కడి కర్మాగారాల్లో దానినుండి నూనె తీసి అత్తరులకూ ఔషధాలకూ వినియోగించేవారు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం రావడంతో ఈ వ్యాపారం స్తంభించింది. కొనేవారు లేక చెక్క నిలవలు పేరుకుపోయాయి.

అప్పటి మైసూరు మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడయారు. దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఆయన పూర్వీకులు ఆంధ్రదేశంలోని మోక్షగుండం గ్రామం నుండి మైసూరు సీమకు తరలివచ్చిన తెలుగువారు. చెక్కను అమ్ముకోవడం కంటె నూనెను ఇక్కడే తీయడం మేలని ఆయన సంకల్పించారు. 1909లో స్థాపితమైన భారత విజ్ఞాన సంస్థ బెంగళూరులోనే ఉండటం కలిసివచ్చింది. జనం వాడుకగా టాటా ఇన్‌స్టిట్యూట్ అని పిలుచుకునే ఆ సంస్థలో సడ్‌బరో, వాట్సన్ అనే ఆచార్యులు గంధపు నూనె తీసే విధానంపై పరిశోధన చేశారు. 1916లో బెంగళూరులోను, మరుసటి ఏడు మైసూరులోను నూనె కర్మాగారాలు వెలిశాయి.

నూనె వచ్చాక సబ్బు రావడానికి ఎంతో కాలం పట్టలేదు. సోసలె గరళపురి శాస్త్రి అనే యువ రసాయన శాస్త్రజ్ఞుణ్ణి ప్రభుత్వం ఇంగ్లండుకు పంపి సబ్బు తయారీలో తరిఫీదు ఇప్పించింది. 1918లో బెంగళూరులో ప్రభుత్వ సబ్బుల కర్మాగారం ఆరంభమై, అచ్చమైన గంధపు నూనె కలిపిన మైసూర్ శాండల్ సబ్బు బయటికి వచ్చింది. శాస్త్రిగారికి 'సబ్బు శాస్త్రి' అన్న పేరు స్థిరపడిపోయింది. కర్మాగారం 1957లో రాజాజీనగరానికి మారింది. 1980లో కర్ణాటక సోప్స్ అండ్ డిటర్జెంట్స్ లిమిటెడ్ అన్న ప్రభుత్వ సంస్థగా రూపుదిద్దుకుంది.

కొలవగలిగినది, కొలవలేనిది

గంధపు చెట్టులో నూనె ఉండేది కాండం నడిమి చేవలోను, వేళ్లలోను. ఆ చేవను పొడిచేసి, ఆవిరి పట్టించి, ఆవిరితో పాటు లేచిన నూనెను చల్లబరచి వేరుచేస్తారు. ఇలా ఆవిరి ద్వారా తీసినవి సుగంధ తైలాలు. నువ్వులు, కొబ్బరి, ఆముదం వంటివి గానుగ ఆడి తీసినవి. ఈ భేదాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. గానుగ నూనెలో ప్రధానంగా ఉండేవి కొవ్వు పదార్థాలు. సుగంధ తైలంలో పదుల కొద్దీ, ఒక్కొక్కప్పుడు వందల కొద్దీ చిన్న రసాయన అణువులు గాఢంగా కూడి ఉంటాయి. చిన్నవి గనుక అవి చర్మపు పైపొరను దాటి లోపలికి చొరబడగలవు.

గంధపు నూనె నాణ్యతను నిర్ణయించేందుకు రసాయన శాస్త్రజ్ఞులు కొన్ని కొలతలు ఏర్పరచారు. సాంద్రత ఎంత, వెలుతురును ఎంత వంచుతుంది, ధ్రువిత కాంతిని ఏ దిశగా తిప్పుతుంది, సాంటలాల్ అనే పదార్థం ఎంత శాతం ఉంది అన్నవి వాటిలో ముఖ్యమైనవి. మేలైన గంధపు నూనెలో మొత్తం సాంటలాల్ 90 శాతానికి తగ్గకూడదన్నది ఏనాటినుండో వస్తున్న ప్రమాణం. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 2002లో దీనిని ఇంకా వివరించి ఆల్ఫా సాంటలాల్ 41 నుండి 55 శాతం, బీటా సాంటలాల్ 16 నుండి 24 శాతం ఉండాలని నిర్దేశించింది.

ఈ కొలతలు వ్యాపారానికి ఎంతో మేలు చేశాయి. కల్తీని పట్టించాయి, మైసూరు నూనెకు ప్రపంచ విపణిలో గౌరవం తెచ్చాయి. కాని ఇవన్నీ సీసాలోని నూనెను గురించి చెప్పేవే. ఆ నూనె తగిలిన చర్మం ఏమంటుందో చెప్పడానికి వీటిలో ఒక్కటీ పనికిరాదు. నూటికి నూరుపాళ్లు స్వచ్ఛమైన నూనె కూడా ఒకరికి హాయినీ, మరొకరికి దద్దుర్లనూ ఇవ్వవచ్చు. స్వచ్ఛతే క్షేమానికి హామీ అన్న నమ్మకం మాత్రం ప్రజల్లో బలంగా పాతుకుపోయింది. "ఇది చెట్టు నుండి వచ్చినది, ఏమీ చేయదు" అన్న మాట నేటికీ ప్రతి ఇంటా వినబడుతుంది.

పెద్దలు ఎరిగిన నిజం

ఆశ్చర్యమేమంటే మన పెద్దలు మాత్రం అలా అనుకోలేదు. చెట్టు నూనెల్లో చర్మాన్ని దహించేవి ఉన్నాయని వారికి బాగా తెలుసు. నల్లజీడి అందుకు మంచి ఉదాహరణ. రజకులు బట్టలపై గుర్తు పెట్టడానికి దాని రసాన్ని వాడేవారు. ఆ రసం చర్మానికి తగిలితే పుండ్లు పడతాయని పల్లెల్లో చిన్నపిల్లలకు సైతం తెలుసు. ఆయుర్వేదం ఆ గింజను మందుగా స్వీకరిస్తూనే, ఇటుక పొడిలో వేసి రుద్ది శుద్ధి చేయనిదే వాడరాదని నియమం పెట్టింది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో మన దేశంలో విడిది చేసిన అమెరికా సైనికులకు, ఉతికి వచ్చిన బట్టల మీద జీడి గుర్తు ఉన్న చోటనే దురద, బొబ్బలు రావడం గమనించి వారి వైద్యులు 1943లో దానిని వైద్య పత్రికలో వివరించారు. ఆ గుర్తు ఆరిపోయి, బట్ట ఉతికిన తర్వాత కూడా చర్మం దానిని గుర్తుపట్టింది!

బావంచాల విషయం ఇంకా విచిత్రం. బొల్లి మచ్చలకు ఆ గింజల నూనెను పూర్వం నుండి వాడుతూ, పూసిన చోట ఎండ తగలనివ్వడం చికిత్సలో భాగంగా ఉండేది. ఎండ ఎక్కువైతే చర్మం బొబ్బలెక్కుతుంది. ఆ గింజలోని సోరలెన్ జాతి పదార్థాలు సూర్యరశ్మి తాకినప్పుడే చర్మంపై పనిచేస్తాయని ఆధునిక శాస్త్రం వివరించింది. ఐరోపాలో ఇదే పాఠం బెర్గమోట్ అనే నిమ్మజాతి పండు తొక్క నూనె నేర్పింది. దానితో చేసిన అత్తరు మెడకు రాసుకుని ఎండలోకి వెళ్లినవారికి, అత్తరు కారిన చారల వెంబడే గోధుమ రంగు మచ్చలు పడ్డాయి. 1916లో ఒక వైద్యుడు ఆ కారణాన్ని కనిపెట్టాడు. బెంగళూరులో గంధపు నూనె కర్మాగారం మొదలైన సంవత్సరం కూడా అదే కావడం ఒక చారిత్రక యాదృచ్ఛికం.

అంటే ఒక నూనె క్షేమమా కాదా అన్నది నూనెను బట్టి మాత్రమే తేలదు. మోతాదును బట్టి, ఎండను బట్టి, శుద్ధిని బట్టి, రాసుకున్న మనిషిని బట్టి కూడా తేలుతుంది. పెద్దల అనుభవం ఈ సంగతిని గ్రహించింది. దానిని క్రమపద్ధతిలో పరీక్షగా మార్చే పని ఆధునిక వైద్యానికి మిగిలింది.

చర్మమే సాక్షి

1895లో యోసెఫ్ యాడసోన్ అనే జర్మన్ చర్మవైద్యుడు ఒక సులువైన ఉపాయం కనిపెట్టాడు. పాదరసపు లేపనం పడని రోగికి, అదే పదార్థాన్ని చర్మంపై చిన్న పట్టీ కింద కొంతసేపు కట్టి ఉంచాడు. పట్టీ తీసిన చోట ఎర్రగా వాచింది. దీనికే ప్యాచ్ పరీక్ష అని పేరు. నేటికీ చర్మవైద్యులు ఈ పద్ధతినే అనుసరిస్తున్నారు. అనుమానమున్న పదార్థాలను తగిన పలుచదనంలో వీపుపై అంటించి, 48 గంటలకు తీసి, ఆనాడూ, మరొకటి రెండు రోజుల తర్వాతా చర్మాన్ని పరిశీలిస్తారు.

ఇంత ఆలస్యంగా చూడడానికి కారణముంది. చర్మానికి కలిగే హాని రెండు రకాలు. ఒకటి మంట పుట్టించే హాని. ఘాటైన పదార్థం తగినంత మోతాదులో తగిలితే అది ఎవరికైనా కలుగుతుంది, త్వరగా కనబడుతుంది. రెండవది ఎలర్జీ. ఇది కొందరికే కలుగుతుంది. పదార్థం మొదటిసారి తగిలినప్పుడు పైకి ఏమీ కనిపించదు. కాని శరీరంలోని రక్షక కణాలు దానిని శత్రువుగా గుర్తు పెట్టుకుంటాయి. ఇందుకు సుమారు రెండు వారాలు పట్టవచ్చు. అటు తర్వాత అదే పదార్థం ఎప్పుడు తగిలినా ఒకటి రెండు రోజులలో దురద, ఎరుపు, నీటి పొక్కులు లేస్తాయి. ఒకసారి కలిగిన ఈ గుర్తు సాధారణంగా జీవితాంతం చెరగదు. కనుకనే "నిన్న రాశాను, ఏమీ కాలేదు" అన్న సాక్ష్యం చాలదు.

గంధపు నూనె కూడా ఇందుకు మినహాయింపు కాలేకపోయింది. 1970ల దశకంలో జపానులో అనేకమంది స్త్రీల ముఖాలపై గోధుమరంగు నల్లదనం వ్యాపించింది. హిడెయో నకయామా అనే వైద్యుడు, ఆయన సహచరులు ప్యాచ్ పరీక్షలు జరిపి, సౌందర్య సాధనాల్లోని కొన్ని సువాసన ద్రవ్యాలూ, రంగులూ కారణమని తేల్చారు. ఆ సువాసన ద్రవ్యాల జాబితాలో మల్లెజాతి పూల సారంతో పాటు గంధపు నూనె కూడా ఉంది. ఆ పదార్థాలు లేని సబ్బులు, పూతలు మాత్రమే వాడించగా చాలామంది కోలుకున్నారు. పువ్వులూ చందనమూ శుభానికి చిహ్నాలైన మన సంస్కృతికి ఇది కొంత చేదు వార్తే. అయినా పరీక్ష చెప్పిన నిజం నిజమే.

మూగజీవాలు, ఖైదీలు

జబ్బు వచ్చాక కారణం వెదకడం ఒక పని. రాకముందే వస్తువును పరీక్షించడం మరొక పని. రెండవదాని చరిత్ర అంత గర్వించదగినది కాదు. 1933లో అమెరికాలో కనురెప్పలకు వేసే ఒక రంగు వల్ల కొందరు స్త్రీలు చూపు కోల్పోయారు. ఈ వంటి ఘటనల ఫలితంగా 1938లో అక్కడ సౌందర్య సాధనాలను కూడా అదుపు చేసే చట్టం వచ్చింది. 1944లో అక్కడి ప్రభుత్వ శాస్త్రజ్ఞుడు జాన్ డ్రెయిజ్ తన సహచరులతో కలిసి కుందేళ్లపై చేసే పరీక్షను ప్రకటించాడు. వాటి వీపుపై బొచ్చు గొరిగి పదార్థాన్ని పూయడం, కంట్లో వేయడం, ఎరుపునూ వాపునూ అంకెలలో లెక్కవేయడం ఆ విధానం. ఎలర్జీ కోసం 1969లో మాగ్నుసన్, క్లిగ్మన్ అనేవారు గినీ పందులపై చేసే పరీక్షను రూపొందించారు. దశాబ్దాల పాటు ప్రపంచమంతటా ఈ పరీక్షలే ప్రమాణాలయ్యాయి.

కుందేలు చర్మం మనిషి చర్మం వంటిది కాదు. అందుచేత మనుషులపైనా పరీక్షలు జరిపారు. ఏ మనుషులపైన అన్నదే ఇక్కడ అడగవలసిన ప్రశ్న. పైన చెప్పిన క్లిగ్మన్ అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరపు హోమ్స్‌బర్గ్ కారాగారంలో 1951 నుండి 1974 వరకు ఖైదీలపై చర్మ పరీక్షలు నిర్వహించాడు. ఆ కాలంలో అక్కడ పరీక్షకు వచ్చిన వస్తువుల్లో సౌందర్య సాధనాలూ ఉన్నాయి. ఖైదీలకు ఇచ్చింది స్వల్ప పారితోషికం. ఏ పదార్థం పూస్తున్నారో, దాని పర్యవసానమేమిటో వారికి సరిగా చెప్పలేదు. నిర్బంధంలో ఉన్నవాని సమ్మతి నిజమైన సమ్మతి కాదని లోకం ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది. ఒకరి ముఖం మెరవడానికి మరొకరి వీపు కాలవలసి వస్తే, ఆ మెరుపుకు విలువ ఎంత?

మన చట్టం నడిచిన దారి

భారతదేశంలో ఔషధాల చట్టం 1940లో వచ్చింది. సౌందర్య సాధనాలను 1962లో జరిగిన సవరణ ద్వారా అందులో చేర్చారు. విశేషమేమంటే, ఆ సవరణలో సౌందర్య సాధనమంటే ఏమిటో నిర్వచిస్తూ సబ్బును మినహాయించారు. 1982 నాటి మరో సవరణతోనే ఆ మినహాయింపు తొలగింది. అంటే బెంగళూరు గంధపు సబ్బు పుట్టిన తర్వాత ఆరు దశాబ్దాలకు పైగా, ఒంటికి నిత్యం తగిలే ఆ వస్తువు మన చట్టం దృష్టిలో సౌందర్య సాధనమే కాదు! దీనివలన ఆ సబ్బు హానికరమని అర్థం కాదు. స్వచ్ఛతను కొలిచే అలవాటు ముందుగా వచ్చిందనీ, క్షేమాన్ని అడిగే అలవాటు చాలా ఆలస్యంగా వచ్చిందనీ మాత్రమే దీని భావం.

సౌందర్య సాధనాల క్షేమ పరీక్షలకు భారతీయ ప్రమాణాల సంస్థ ఒక ప్రత్యేక ప్రమాణాన్ని రూపొందించింది. అందులో జంతు పరీక్షలకు చాలాకాలం చోటుండేది. 2013లో వాటిని తొలగించాలన్న నిర్ణయం జరిగింది. 2014 మే నెలలో సౌందర్య సాధనాలను జంతువులపై పరీక్షించడాన్ని కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. అదే ఏడు నవంబరు నుండి, విదేశాల్లో జంతువులపై పరీక్షించిన వాటి దిగుమతిని కూడా ఆపివేసింది. దక్షిణాసియాలో ఈ పని చేసిన మొదటి దేశం మనదే. ఐరోపా సమాఖ్య 2004, 2009, 2013 సంవత్సరాల్లో దశలవారీగా చేసిన పనిని మనం రెండేళ్లు తిరగకముందే అందుకోవడం సంతోషించదగిన సంగతి. 2020లో వచ్చిన సౌందర్య సాధనాల నిబంధనల్లోనూ ఈ నిషేధం కొనసాగింది.

ప్రస్తుత భారతీయ ప్రమాణం ప్రకారం తయారైన వస్తువును 24 మంది ఆరోగ్యవంతులైన స్వచ్ఛంద అభ్యర్థుల చర్మంపై పట్టీ కింద 24 గంటలు ఉంచి, మంట పుట్టిస్తుందో లేదో చూస్తారు. దానితో పాటు, మంట పుట్టించదని తెలిసిన ద్రావణాన్నీ, తప్పక పుట్టించే ద్రావణాన్నీ పోలిక కోసం పక్కనే అంటిస్తారు. అభ్యర్థికి ముందుగా విషయమంతా చెప్పి, సమ్మతి పత్రం తీసుకోవాలి. హోమ్స్‌బర్గ్ నాటి నుండి ఇక్కడి వరకు వచ్చిన ప్రయాణం చిన్నది కాదు.

గాజు పాత్రలో పెరిగిన చర్మం

మరి జంతువులు లేకుండా ముందస్తు పరీక్ష ఎలా? శస్త్రచికిత్సలలో దాతల సమ్మతితో సేకరించిన చర్మ కణాలను ప్రయోగశాలలో పెంచి, మానవ చర్మపు పైపొర వంటి పొరను తయారుచేస్తున్నారు. దానిపై పదార్థాన్ని నిర్ణీత సమయం ఉంచి కడిగివేసి, తర్వాత ఎన్ని కణాలు బ్రతికి ఉన్నాయో రంగు పరీక్షతో లెక్కిస్తారు. బ్రతికినవి 50 శాతం లేదా అంతకు తక్కువైతే ఆ పదార్థం మంట పుట్టించేదని తీర్పు. 2010లో ఈ పద్ధతికి అంతర్జాతీయ ఆమోదం లభించింది. ఎలర్జీ విషయంలో ఒక్క పరీక్ష చాలదు. పదార్థం చర్మపు మాంసకృత్తులను పట్టుకుంటుందా, చర్మ కణాలను ఉలిక్కిపడేలా చేస్తుందా, రక్షక కణాలను మేల్కొల్పుతుందా అని మూడు మెట్లలో వేర్వేరు పరీక్షలు చేసి, వాటి ఫలితాలను కలిపి చూసే విధానానికి 2021లో అంతర్జాతీయ ఆమోదం దొరికింది. హైదరాబాదులో సి.సి.ఎం.బి. ఆవరణలోనూ మానవ కణ నమూనాలను ప్రోత్సహించే కృషి జరుగుతున్నది.

అయితే చెట్టు నూనెల విషయంలో ఈ పద్ధతులకు కొన్ని చిక్కులున్నాయి. వీటిలో చాలా పరీక్షలు నీటిలో జరుగుతాయి. నూనె నీటిలో కలవదు. పరీక్షలు ఒక్కొక్క శుద్ధ రసాయనం కోసం రూపొందినవి. నూనెలో పదుల రసాయనాలు కలగలిసి ఉంటాయి. పైగా నూనె ఎప్పుడూ ఒకేలా ఉండదు. గాలి తగిలితే నారింజ, నిమ్మ, లావెండర్ వంటి నూనెల్లోని లిమొనీన్, లినలూల్ అనేవి ప్రాణవాయువుతో కలిసి కొత్త పదార్థాలుగా మారుతాయి. తాజా నూనె కంటె ఆ పాత నూనెయే ఎక్కువ ఎలర్జీ కలిగిస్తుందని స్వీడన్ శాస్త్రజ్ఞులు నిరూపించారు. నేడు పరీక్షలో నెగ్గిన సీసా, మూత తీసి ఏడాదిపాటు కిటికీలో ఉంచితే, అదే సీసా అని చెప్పలేము.

గంధంపై తీర్పు

ఐరోపా సమాఖ్య శాస్త్రీయ సంఘం 2012లో, మనుషుల్లో ఎలర్జీ కలిగించగలవని రుజువైన సువాసన ద్రవ్యాల జాబితాలో గంధపు నూనెను కూడా చేర్చింది. 2023లో ఐరోపా నియమాలను సవరించి, ఎక్కువ ద్రవ్యాల పేర్లను సీసాపై విడిగా ముద్రించాలని ఆదేశించారు. ఇది నిషేధం కాదు. గంధపు నూనె పడనివారి సంఖ్య తక్కువే. పడనివారు చదివి తప్పించుకోవడానికి వీలు కల్పించడమే దీని ఉద్దేశం.

గంధపు చెక్క కరువై ధర పెరిగేకొద్దీ మరో సమస్య తలెత్తింది. ఆస్ట్రేలియాలో పెరిగే మరో గంధపు జాతి నూనె మార్కెట్టులోకి వచ్చింది. దానిలో సాంటలాల్ పాలు తక్కువ. ఎలర్జీ జాబితాలో విడిగా చేరిన ఫార్నెసాల్ అనే పదార్థం అందులో ఉంటుంది. మైసూరు గంధానికి చేసిన చర్మ పరీక్ష ఆ నూనెకు వర్తించదు. ఇక్కడే స్వచ్ఛతా క్షేమమూ మళ్లీ కలుసుకుంటాయి. సీసాలో ఏమున్నదో నిజంగా తెలియనిదే అది క్షేమమో కాదో చెప్పలేము. సీసాలో ఉన్నది స్వచ్ఛమైనదని తేలినంత మాత్రాన అది క్షేమమని కూడా చెప్పలేము. 1916 నాటి రసాయన శాస్త్రజ్ఞుల పని వ్యర్థం కాలేదు. ఆ పని సగం మాత్రమే.

పరీక్షలు హానిని మాత్రమే బయటపెడతాయనుకోరాదు. 2005లో ఢాకా నగరపు శిశు వైద్యశాలలో నెలలు నిండకుండా పుట్టిన శిశువులపై జరిగిన అధ్యయనంలో, పొద్దుతిరుగుడు నూనెతో మృదువుగా మర్దన చేసిన శిశువులకు ఆస్పత్రిలో సోకే అంటువ్యాధులు 41 శాతం తగ్గాయని తేలింది. నూనె మంచిదని అమ్మమ్మలు చెప్పిన మాటకు అక్కడ పరీక్ష సాక్ష్యం పలికింది. అయితే ఆ సాక్ష్యం పొద్దుతిరుగుడు నూనెకే చెల్లుతుంది. ఏ నూనెకు ఆ నూనె పరీక్ష జరగవలసినదే.

గృహస్థులు గ్రహించవలసినవి

ఈ చరిత్ర నుండి ఇంటింటికీ పనికివచ్చే సంగతులు కొన్ని ఉన్నాయి. సుగంధ తైలాన్ని నేరుగా చర్మానికి రాయకూడదు. గానుగ నూనెలో చాలా కొద్దిగా కలిపి వాడాలి. నిమ్మజాతి నూనెలు రాసుకుని ఎండలోకి వెళ్లరాదు. పాతబడిన, వాసన మారిన నూనెను పారవేయాలి. కొత్త నూనెను ముఖానికి వాడేముందు, మోచేతి మడత దగ్గర రోజుకు రెండుసార్లు చొప్పున వారం రోజులు రాసి చూడాలి. ఈ పద్ధతిని 1986లో ఫిన్లాండ్ వైద్యులు ప్రతిపాదించారు. ఒకనాటి పరీక్షలో దొరకని ఎలర్జీ ఇందులో బయటపడే అవకాశం ఎక్కువ. దురద, ఎరుపు కనిపిస్తే వెంటనే ఆపి, చర్మవైద్యుణ్ణి సంప్రదించాలి. పసిపిల్లలకూ, గజ్జి తామర ఉన్నవారికీ సువాసన లేనివే మేలు.

విద్యార్థులు గ్రహించవలసినది వేరొకటి ఉంది. పండుగనాడు తలంటు పోసే తల్లి చేతిలోని నూనె వెనుక రజకుని చేతిపై లేచిన బొబ్బ ఉంది. మాట రాని కుందేలు ఉంది. కటకటాల వెనుక వీపు చూపించిన మనిషి ఉన్నాడు. సమ్మతి పత్రంపై సంతకం చేసిన అజ్ఞాత దాత ఉన్నాడు. వారు ఇచ్చిన సాక్ష్యం వల్లనే నేడు సీసాపై చీటీ చదివి మంచి చెడ్డలు ఎంచుకోగలుగుతున్నారు. "ప్రకృతి సిద్ధం" అన్న రెండు మాటలు చూసి ఆగిపోక, "పరీక్షించినదేనా, ఎలా, ఎవరిపైన?" అని అడగడం నేర్చుకున్న పిల్లవాడు శాస్త్రాన్నీ, దయనూ ఒకేసారి నేర్చుకున్నవాడవుతాడు. విశ్వేశ్వరయ్య కాలంలో గంధం బెంగళూరుకు పరిశ్రమను నేర్పింది. నేటి తరానికి అది ప్రశ్నించడం నేర్పగలిగితే, ఆ చెట్టు సువాసన మరో శతాబ్దం నిలుస్తుంది.